ఘాట్ రోడ్డెక్కిన టీవీ

రీల్ లోడ్ అవ్వట్లేదని ఫోన్ పైకెత్తి గాల్లో ఊపినవాళ్లు ఎంతమంది? సిగ్గుపడక్కర్లేదు, నేనూ ఊపుతాను. ఆ విద్య మనం కనిపెట్టింది కాదు. నాన్న డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని పైనుంచి అరిస్తే, "మాటొచ్చింది, బొమ్మ రాలేదు" అని అమ్మ కిందనుంచి అరిచేది చూడండి, అక్కణ్ణుంచి వచ్చింది. రెండింటి వెనకా ఉన్న సంగతి ఒకటే. తరంగానికి దారి కావాలి. మధ్యలో కొండ అడ్డొస్తే ఇక అంతే.

ఈ వారం ఆ కొండ గురించే. అరకు, పాడేరు, వాటి పక్కనే ఒడిశాలో కోరాపుట్, ఇంకా పైకి ఫూల్‌బణీ దాకా పరుచుకున్న తూర్పు కనుమల్లోకి టీవీ ఎలా ఎక్కింది, ఎంత లేటుగా ఎక్కింది, ఎక్కాక ఎవరి భాషలో మాట్లాడింది అన్నది చాలా రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. దానికో కారణం ఉంది. మాది శృంగవరపుకోట. విశాఖ నుంచి అరకు వెళ్తూ, ఘాట్ మొదలయ్యే ముందు ఆగి టీ తాగుతారే, ఆ ఊరు. మా డాబా మీద నిలబడితే కొండలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి. మా యాంటెన్నా మాత్రం ఆ గోడకి వీపు పెట్టి విశాఖ వైపు చూస్తూ ఉండేది. టీవీ వచ్చేది అటునుంచే కదా. మరి ఆ గోడ అవతలి ఊళ్లలో యాంటెన్నాలు ఎటు చూస్తాయి? ఏడెనిమిదేళ్ల వయసులో నాకొచ్చిన ఈ డౌట్‌కి ఇంట్లో ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు.

తర్వాత ఈసీఈలో ఇంజినీరింగ్ చేశాను. యాంటెన్నాల సబ్జెక్టు పాసయ్యాను. అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో చేరాను. ఇప్పుడు నా ఉద్యోగమే వీడియో బఫరింగ్ తగ్గించడం. అంటే డాబా మీద నాన్న చేసిన పనే, నేను ఏసీలో కూర్చుని చేస్తున్నానన్నమాట.

ముందు కాస్త ఫిజిక్స్. భయపడకండి, పరీక్ష లేదు.

పాత టీవీ సిగ్నల్ వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాల మీద వచ్చేది. అవి దాదాపు మన చూపులాంటివి. టవర్ కనపడే చోటికి వస్తాయి, కనపడని చోట నీరసపడిపోతాయి. మీడియం వేవ్ రేడియో అలా కాదు, నేల వెంట పాకుతూ పోతుంది, అడ్డొచ్చినచోట కొంచెం వంగుతుంది కూడా. షార్ట్ వేవ్ అయితే పైకెళ్లి, అయనోస్ఫియర్‌కి తగిలి మళ్లీ కిందకి దిగుతుంది. అందుకే టీవీ కంటే ఎన్నో ఏళ్ల ముందే రేడియో కొండలెక్కేసింది. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి, అవతల కోరాపుట్ జిల్లా జయపురం ఆకాశవాణి ఈ ఊళ్లకి ట్రాన్సిస్టర్లలో పాత చుట్టాలు.

అరకు 900 మీటర్ల పైన ఉంది, ఎత్తులో ఉంటే సిగ్నల్ ఇంకా బాగా రావాలి కదా అంటారేమో. అరకు 'లోయ' అని మర్చిపోకండి. గిన్నె అడుగున కూర్చున్న చీమకి గిన్నె ఏ బల్ల మీదుంటే ఏంటి? విశాఖకీ అరకుకీ మధ్య అనంతగిరి, గాలికొండ వైపు వెయ్యి మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. పాడేరు వైపు వెళ్తే 1,600 మీటర్లు దాటినవీ ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఎంత పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టినా ఈ వరస దాటి అవతలి గిన్నెలోకి బొమ్మ పంపడం కష్టం.

కొండలకి దారులు వెయ్యలేక కాదండోయ్. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దించడం కోసం 1960ల్లోనే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు తవ్వి రైలు వేశారు. అద్దాల బోగీలో కూర్చుని మనం కేరింతలు కొట్టే సొరంగాలు అవే. మాచ్‌ఖండ్ నీళ్లతో 1955లోనే కరెంటు తీశారు. ఖనిజానికి దారి, కరెంటుకి దారి, రెండూ కిందికే. పైకి రావాల్సిన వాటి సంగతికొచ్చేసరికి మాత్రం కొండ అడ్డమొచ్చింది.

ఇక్కడ ఒక అద్భుతమైన కథ ఉంది. మన తరానికి దాదాపుగా తెలీదు.

1975 ఆగస్టు 1. ఢిల్లీ, ముంబై లాంటి వేళ్ల మీద లెక్కపెట్టే నగరాల్లో తప్ప దేశంలో టీవీ లేదు. హైదరాబాద్‌లో కూడా లేదు. సరిగ్గా అప్పుడు, నగరాలన్నీ పక్కనపెట్టి 2,400 పల్లెల్లో ఒకేసారి టీవీ వెలిగింది. దాని పేరు సైట్. ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే ప్రయోగం అన్నమాట. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనకి అరువిచ్చింది. ఇస్రో నేల మీది పనంతా చూసుకుంది. దీనికోసం 1969లో ఒప్పందం కుదిరే దాకా వెంటపడిన విక్రమ్ సారాభాయ్ అది చూడకుండానే 1971లో పోయారు. అహ్మదాబాద్‌లో యశ్‌పాల్ నాయకత్వంలో కుర్ర ఇంజినీర్లు ఆ పని పూర్తిచేశారు. చాలామంది మన వయసువాళ్లే.

ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. హైదరాబాద్‌లో స్టూడియో పెట్టి తెలుగు కార్యక్రమాలు తీశారు. సెట్లు తయారుచేసింది కూడా హైదరాబాద్ ఈసీఐఎల్. నాకు బాగా నచ్చింది డిష్. మూడు మీటర్ల వెడల్పు గొడుగు, దానికి వాడింది కోళ్లగూటికి కొట్టే ఇనుప వల! 860 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం దాదాపు ముప్ఫై ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. ఆ చిన్న చిన్న కంతలు దాని కంటికి కనపడవు, గట్టి రేకు అనుకుని తిరిగి కేంద్రానికి కొడుతుంది. ఖరీదు తక్కువ, బరువు తక్కువ, గాలికి ఎగిరిపోదు. నా ప్రొఫెషనల్ జీవితంలో ఇంత తెలివైన కాస్ట్ కటింగ్ ఇంకోటి చూళ్లేదు.

రోజుకి నాలుగు గంటలు. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్లకి వ్యవసాయం, ఆరోగ్యం, వార్తలు, ఆటపాటలు. ఊరందరికీ ఒకే టీవీ, బడి దగ్గరో పంచాయతీ దగ్గరో.

అన్నట్టు, ఆ 2,400 పల్లెల్లో తూర్పు కనుమలవీ ఉన్నాయి. అయితే మనవైపు కాదు. ఒడిశాకి ఎంపిక చేసిన జిల్లాల్లో ఫూల్‌బణీ ఒకటి, ఇప్పుడు కంధమాల్ అంటున్నదే. కోందులు ఎక్కువగా ఉండే కొండ ప్రాంతం. లెక్క వేసి చూశాను. అక్కణ్ణుంచి చూస్తే ఏటీఎస్-6 పడమటి వైపు దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఉండేది. అంటే మధ్యాహ్నం మూడున్నర, నాలుగింటప్పుడు సూర్యుడు ఉండే ఎత్తు. మరీ కొండ పాదంలో ఉన్న ఊరైతే తప్ప చూపు ఆగదు. విశాఖ ట్రాన్స్‌మిటర్‌కి అడ్డమొచ్చే కొండ, ఆకాశం నుంచి దిగేదానికి అడ్డం రాదు. ఆంధ్రాలో ఎంపికైనవి కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ లాంటి జిల్లాలు. అరకు, పాడేరు ఆ జాబితాలో లేవు.

సరిగ్గా ఏడాదికి, 1976 జులై 31న, ఆ టీవీలు ఆగిపోయాయి. ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది, అది ముందే అనుకున్నదే. తర్వాత 1977లో 'కొనసాగింపు' కింద ఆరుచోట్ల నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. మన హైదరాబాద్ దూరదర్శన్ అలా పుట్టిందే. ఒడిశాకి సంబల్‌పూర్ దక్కింది. ఫూల్‌బణీ కొండలకి ఏమీ రాలేదు. ఏడాదిపాటు రోజూ సాయంత్రం బడి దగ్గర చేరిన జనం, ఆ ఆగస్టు ఒకటిన కూడా అలవాటుగా వచ్చి కూర్చుని ఉంటారా? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు కాస్త కష్టంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పైలట్ ప్రాజెక్టులు చాలా చూశాను. డెమో అదిరిపోతుంది, చప్పట్లు కొడతారు, సర్వర్ ఆపేస్తారు. వాడినవాళ్ల సంగతి ఎవరి టికెట్‌లోనూ ఉండదు.

ఇదేదో మన ఒక్కళ్ల కథ అనుకోకండి. ఢిల్లీలో టీవీ ప్రయోగం 1959 సెప్టెంబరు 15న మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న నైజీరియాలోని ఇబాదాన్‌లో టీవీ స్టేషన్ మొదలైంది. ఆఫ్రికాలో తొలితరం స్టేషన్లలో అదొకటి. ఇంకోవైపు టాంజానియా చూడండి. జాంజిబార్ దీవికి 1973లోనే కలర్ టీవీ ఉంది, సముద్రం ఇవతల ప్రధాన భూభాగానికి మాత్రం 1994 దాకా టీవీయే లేదు! ఒకే దేశం, మధ్యలో చిన్న సముద్రం, ఇరవై ఏళ్ల తేడా. మాకూ అరకుకీ మధ్య ఉన్నది ఒక ఘాట్ రోడ్డు.

1983లో ఇన్సాట్-1బి వెళ్లింది. 1984లో కొన్ని నెలలపాటు దేశంలో దాదాపు రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున బిగించుకుంటూ పోయారు. ఇప్పటి మన 'రోల్ అవుట్'లు దాని ముందు జుజుబీ. కానీ ఎక్కువ భాగం వంద వాట్ల చిన్నవి. మైదానంలో ఓ పాతిక కిలోమీటర్లు లాగుతాయి. ఎక్కడ జనం ఎక్కువుంటే అక్కడ పెట్టారు. లెక్క ప్రకారం అది కరెక్టే. ఆ లెక్కలో పది ఇళ్లు ఒకచోట, ఇరవై ఇళ్లు ఇంకోచోట, మధ్యలో గెడ్డ, ఆ పైన మెట్ట ఉండే ఊళ్లు ఎప్పటికీ చివరికే వస్తాయి.

మా పెదనాన్న పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో టీచరుగా చేసి రిటైరయ్యాడు. 1990ల్లో ఆయన పనిచేసిన ఓ బడికి టీవీ శాంక్షనయిందట. టీవీ వచ్చింది, సిగ్నల్ రాలేదు. పిల్లల్లో ఒకడు సిల్వర్ ఓక్ చెట్టెక్కి చిటారున వెదురుగడకి యాంటెన్నా కట్టాడట. "బయట పొగమంచు, టీవీలోనూ మంచే" అని నవ్వుతాడు పెదనాన్న. బొమ్మ గింజలు గింజలుగా పడుతుంటే, మాట మాత్రం వినపడేదట. పాత టీవీల్లో అంతే, ధ్వని ఎఫ్ఎం కాబట్టి బొమ్మ చచ్చిపోయాక కూడా కాసేపు ప్రాణంతో ఉండేది. శుక్రవారం చిత్రలహరికి పక్క ఊళ్లనుంచి కూడా జనం వచ్చి కూర్చునేవారట, చూడ్డానికి కాదు, వినడానికి. "టీవీ అంటే రేడియోకి ఖరీదైన అన్నయ్య అనుకునేవాళ్లురా మా పిల్లలు" అంటాడు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కింద ఊళ్లలో కేబుల్ విప్లవం. అరకు బజారుకి, పాడేరుకి కేబుల్ ఎక్కింది. ఊళ్లకి ఎక్కలేదు. కేబుల్ వ్యాపారం లెక్క చాలా సింపుల్: ఒక కిలోమీటరు వైరుకి ఎన్ని ఇళ్లు? ఎస్.కోటలో వందలు. ముంచంగిపుట్టు వైపు అయితే సున్నా, తర్వాతి కిలోమీటరులో పన్నెండు. ఎవడు వేస్తాడు?

అసలు మార్పు 2004 డిసెంబరులో వచ్చింది. దూరదర్శన్ వాళ్ల 'డీడీ డైరెక్ట్ ప్లస్'. ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నాం. ఒక్కసారి బాక్సు, డిష్ కొనుక్కుంటే చాలు, నెల బిల్లు లేదు. అంతకు ఏడాది ముందే ప్రైవేటు డీటీహెచ్ మొదలైంది. నా చిన్నప్పటి డౌట్‌కి సమాధానం ఇక్కడ దొరికింది. ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. అరకు నుంచి చూస్తే ఆగ్నేయంగా, నేల నుంచి 65 డిగ్రీల ఎత్తులో. అంటే దాదాపు నడినెత్తి మీదకి తలెత్తి చూడటమే. ఏ లోయ అడుగున ఉన్నా, ఏ కొండ వారన ఉన్నా పైకప్పు మీద ఆకాశం ఉంటుంది కదా. మైదానంలో డీటీహెచ్ అంటే కేబుల్‌కి పోటీ. కొండల్లో అదే మొదటి టీవీ. పెంకుటిళ్ల మీద, రేకుల మీద, ఒక్కోచోట వెదురు దడి మీద కూడా డిష్‌లు పుట్టగొడుగుల్లా మొలిచాయి.

చిన్న తిరకాసు ఉంది. ఈ సిగ్నల్ తరంగం రెండున్నర సెంటీమీటర్లు. జోరువాన దీన్ని మింగేస్తుంది. అరకు వాన ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. సీరియల్లో అత్త విషం కలిపే టైముకి కరెక్టుగా 'నో సిగ్నల్' అని వస్తే నవ్వుకోవచ్చు. తుపాను హెచ్చరిక టైముకి వస్తే నవ్వలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖే చీకట్లో ఉండిపోయింది. కొండల మీద కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు విరిగి పడ్డాయి. అలాంటి రోజున పనిచేసేది బ్యాటరీ రేడియో ఒక్కటే. కోళ్లగూటి వల కాలంనాటి 860 మెగాహెర్ట్జ్ తరంగం వానని లెక్కచేసేది కాదు. కొత్తది వచ్చిందంటే పాతదాని సుగుణాలన్నీ మోసుకొస్తుందని కాదు.

ఇక భాష. నాకు అసలు నొప్పి ఇక్కడే.

నాతో ఇంజినీరింగ్ చదివినవాడొకడిది డుంబ్రిగూడ మండలంలో చిన్న ఊరు. కోటియా కుటుంబం. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, దాన్నే దేశియా అని కూడా అంటారు. సంతలో తెలుగు. కాలేజీలో ఇంగ్లిష్. ఇప్పుడు బెంగళూరులో ఆఫీసులో హిందీ కూడా. మొన్న డిసెంబరులో వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి వెచ్చగా ఉంది, వాళ్లమ్మ రాగి అంబలి ఇచ్చింది, టీవీలో ఏదో హిందీ సీరియల్ నడుస్తోంది.

"మీకు హిందీ వచ్చామ్మా?" అని అడిగాను.

"రాదు బాబూ" అంది.

"మరి?"

"ఏడుస్తాంది కదా, తెలిసిపోద్ది" అంది.

పగలబడి నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అంత నవ్వొచ్చే విషయమేం కాదు. ఆవిడ టీవీలో హిందీ ఎందుకుంది? పే డీటీహెచ్ పెట్టుకుంటే తెలుగు చానెళ్లు వస్తాయి. 2019లో ట్రాయ్ కొత్త టారిఫ్ తెచ్చినప్పుడు చానెళ్ల ధరలు కాకుండా కనెక్షన్ ఫీజే పన్నుతో కలిపి నెలకి 153 రూపాయలయింది. పైగా వీళ్లకి ముందు ఓ పే కనెక్షన్ ఉండేది. డిష్ పక్కకి తిరిగిపోతే ఆ కంపెనీ టెక్నీషియన్ (పేరెందుకులెండి) "కొండమీదికి రావాలంటే విజిటింగ్ చార్జీ డబుల్" అన్నాడట. డబ్బులు కట్టాక కూడా రాలేదు. నా ఫ్రెండే సెలవుకొచ్చినప్పుడు ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని తిప్పాడు. రెండోసారి తిరిగిపోయాక విసుగొచ్చి ఫ్రీ డిష్‌కి మారిపోయారు.

ఫ్రీ డిష్‌లో చోటు కావాలంటే ప్రైవేటు చానెళ్లు వేలంలో పాడుకోవాలి. కోట్లలో వ్యవహారం. దేశం మొత్తం చూసే హిందీ చానెల్‌కి ఆ డబ్బు ప్రకటనల్లో తిరిగొస్తుంది. తెలుగు చానెల్‌కి అంత గిట్టుబాటు ఉండదు. అందుకే ఉచిత టీవీలో ఎక్కువగా హిందీ, తెలుగు వేళ్ల మీద లెక్కపెట్టేంత. అంటే డబ్బుంటే తెలుగు, లేకపోతే హిందీ! ఎవరూ కూర్చుని కుట్ర చెయ్యలేదు. వేలంపాట నియమాలు అలా రాసుకున్నాయంతే. నా కోపం తెలుగు కోసం మాత్రమే కాదు. ఆవిడకి తెలుగు కూడా పరాయి భాషే. కువి, గదబ, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకి తమ మాటలో ఒక్క వార్తా బులెటిన్ ఉండే చానెల్ లేదు.

పోనీ బడి అయినా ప్రయత్నించింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో పాఠ్యపుస్తకాలు మొదలుపెట్టింది. తెలుగు లిపిలోనే రాసిన కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర పుస్తకాలు. టీవీ మాత్రం ఈ కొండల్ని సినిమా పాటకి లొకేషన్‌గానే చూసింది. ధింసా ఆట ఎన్నిసార్లు చూపించారో లెక్కలేదు. ఆడుతున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్కరూ మైకు పెట్టి అడగలేదు. కోరాపుట్‌లో 'రేడియో ధింసా' అని ఒక కమ్యూనిటీ రేడియో ఉంది. పేరు వినగానే ఎంత హాయిగా అనిపిస్తుందో చూడండి. అలాంటిది టీవీలో ఎందుకు ఉండకూడదు?

ఇదంతా కాలక్షేపం సంగతి అని ఎవరైనా అంటే 2020 గుర్తుచేస్తాను. ఏప్రిల్‌లో బళ్లు మూసి ఉన్నాయి. పదో తరగతి పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం' పేరుతో పాఠాలు మొదలుపెట్టారు. మంచి పని, అందులో నాకే సందేహమూ లేదు. నలభై ఐదేళ్ల కిందట కోళ్లగూటి వల డిష్ కింద పిల్లలు కూర్చున్న పాఠం మళ్లీ వచ్చినట్టే. కానీ అప్పుడు బడికి ఒక టీవీ ఇచ్చి, పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టారు. ఈసారి టీవీ ఎవరింట్లో ఉంటే వాళ్లకే పాఠం. నా ఫ్రెండ్ చెల్లెలు అప్పుడు పదో తరగతి. వాళ్ల ఊళ్లో టీవీ ఉన్నది నాలుగిళ్లలో. పొద్దున్నే పిల్లలందరూ వాళ్లింటికి చేరేవారట. కరెంటు పోతే పాఠం పోయినట్టే. యూట్యూబ్‌లో మళ్లీ చూద్దామంటే ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్. ఆ గీత కోసం చింతచెట్టు దాకా నడవాలి.

దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కొన్ని తప్ప దాదాపు అన్నీ మూసేసింది. మా డాబా మీద యాంటెన్నా ఇప్పుడు బట్టలారేసే తీగకి ఒక కొస. నాకేం బాధలేదు, దాని పని అయిపోయింది. 2023 జనవరిలో కేంద్రం 'బైండ్' అని 2,539 కోట్ల పథకం ఒప్పుకుంది. అందులో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకి ఎనిమిది లక్షల పైచిలుకు ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇవ్వాలన్నది ఒక భాగం. బాక్సు ఇవ్వడం బాగానే ఉంది. బాక్సులోంచి ఏ మాట వస్తుందన్నదే నా పేచీ.

వైర్ల వైపు కూడా ప్రయత్నాలు జరిగాయి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్, నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోన్. అదే నెలలో గూగుల్ మాతృసంస్థకి చెందిన ఎక్స్‌తో ఇంకో ఒప్పందం కూడా ప్రకటించారు. వైరు లేకుండా, ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి కాంతి కిరణంతో డేటా పంపే 2,000 లింకులు. వినడానికి సైన్స్ ఫిక్షన్‌లా ఉంటుంది. ఇంజినీరుగా నాకు చచ్చేంత ఇష్టమైన టెక్నాలజీ. ఒకే ఒక్క శత్రువు, పొగమంచు. లంబసింగిలో డిసెంబరు పొద్దున సెల్ఫీ దిగినవాళ్లని అడగండి, పక్కనున్న మనిషే కనపడడు!

తర్వాత టవర్లు. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేరోజు వంద 4జీ టవర్లు ప్రారంభిస్తే, వాటిలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లావే. దేశం మొత్తంమీద సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ అందించే 26,316 కోట్ల పథకానికి 2022లోనే ఆమోదం వచ్చింది. నా ఫ్రెండ్ వాళ్ల ఊరికి కనపడేంత దూరంలో ఇప్పుడు ఓ టవర్ ఉంది. చింతచెట్టు దాకా నడక తప్పింది.

మరి ఫోన్‌లోనే అన్నీ వచ్చేస్తుంటే ఇంకా టీవీ గోల ఎందుకు అంటారా? ఇక్కడ నా ఉద్యోగం గురించి ఒక నిజం చెప్పాలి. స్ట్రీమింగ్‌లో పదిమంది ఒకే మ్యాచ్ చూస్తే అది పదిసార్లు వెళ్తుంది. వందమంది చూస్తే వందసార్లు. ఆ టవర్‌కి డేటా తెచ్చే లింకు ఎంతుంటే ఊరంతా అందులోనే సర్దుకోవాలి. సాయంత్రం ఏడింటికి అందరి బఫరింగ్ ఒకేసారి తిరుగుతుంది. ఎవరి రీచార్జి వాళ్లే కట్టుకోవాలి. ప్రసారం అలా కాదు. ఉపగ్రహం నుంచి ఒక్కసారే దిగుతుంది. ఒక్కరు చూసినా, కోటిమంది చూసినా ఖర్చు ఒకటే. చూసేవాడి డేటా ప్యాక్ తరగదు. తుపాను వార్తకి, పాఠానికి, ఊరంతా ఒకేసారి తెలుసుకోవాల్సిన దేనికైనా దీన్ని మించిన పద్ధతి నాకు తెలిసి లేదు. ఇంటర్నెట్ లేకుండా ప్రసారాన్ని నేరుగా ఫోన్‌లోకే దించే డీ2ఎం పరీక్షలు మన దేశంలో జరుగుతున్నాయి. అది కనక వస్తే, మొదటి టవర్ నగరంలో కాకుండా పాడేరులో పెట్టమంటాను. పెట్టరు, తెలుసు. అయినా అంటాను.

ఇంతకీ ఇప్పుడు ఆ కొండల్లో జనం తమ భాషలో వీడియోలు చూడట్లేదా అంటే, బ్రహ్మాండంగా చూస్తున్నారు. ఏ టీవీ వేలంపాటా లేకుండానే. కోరాపుట్ నుంచి అరకు దాకా కుర్రాళ్లు దేశియా పాటల ఆల్బమ్‌లు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. కాఫీ తోటల్లో షూటింగ్, బైకు, కూలింగ్ గ్లాసెస్, వెనకాల డప్పు. కొన్నిటికి మన ప్రైవేట్ సాంగ్స్ కుళ్లుకునేన్ని వ్యూస్. సిగ్నల్ లేని ఊళ్లకి అవి చేరేది ఇంకో దారిలో. సంతకి వెళ్లండి. ఎండుచేపల వరసకీ సబ్బుల వరసకీ మధ్య ఓ చిన్న బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, పక్కన బ్యాటరీ. మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించి ఇస్తాడు. వారానికోసారి సంత, వారానికోసారి కొత్త పాటలు. ఆ కార్డు పట్టుకుని మనిషి ఎనిమిది కిలోమీటర్లు కొండెక్కి వెళ్తాడు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే లేటెన్సీ ఏడు రోజులు, బఫరింగ్ సున్నా.

మొన్న రాత్రి నా ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాళ్ల చెల్లి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పాముకాటుకి ఏం చెయ్యాలి, బాలింత ఏం తినాలి లాంటివి రెండేసి నిమిషాల వీడియోలు ఆదివాసీ ఒడియాలో తనే మాట్లాడి తీసిందట. పదకొండు ఉన్నాయి. ఫైలు సైజు తగ్గించి, చవక ఫోన్లలో కూడా ఆడేలా చేసిపెట్టమని అడిగాడు.

"యూట్యూబ్‌లో పెట్టేద్దాం కదరా" అన్నాను.

"పెడదాంలే. ముందు సంతలో బల్ల వాడికి ఇవ్వాలి" అన్నాడు.

ఒక్కోటి నాలుగు ఎంబీకి దించాను. ఏడో వీడియోలో గొంతు వెనక వాళ్ల కోడి కూస్తోంది. తియ్యమంటావా అని మెసేజ్ పెడితే, ఉంచమంది.